ఎక్స్‌-ప్లేన్ 12లో హెలికాప్టర్: ఎనిమిది నెలలు వాడాక నా మాట

మాది పాకాల దగ్గర పల్లె. తిరుపతిలో ఒక ల్యాబ్‌లో పని చేస్తున్నాను. ఒక ఆదివారం ఏమీ తోచక అన్న కంప్యూటర్‌లో విమానాలు నడిపే ఈ సిమ్యులేటర్ ఉచిత డెమో ఎక్కించాను. విమానాలు చాలానే ఉన్నాయి గానీ, రెండు సీట్ల బుల్లి హెలికాప్టర్ రాబిన్సన్ ఆర్‌22 దగ్గరే నా మనసు ఆగిపోయింది. నెల తిరక్కుండా పూర్తి వెర్షన్ కొన్నాను. నాలుగున్నర వేలు పెట్టి ఒక జాయ్‌స్టిక్ కూడా తెచ్చుకున్నాను.

ఎడమ చేత్తో కలెక్టివ్ అనే లివర్ ఎత్తితే రెండు బ్లేడ్ల వాలూ ఒకేసారి పెరిగి హెలికాప్టర్ లేస్తుంది. లేస్తూనే ముక్కు కుడికి తిరుగుతుంది, ఎడమ పెడల్ తొక్కాలి. అంతలో పక్కకు జారుతుంది, కుడి చేతిలోని సైక్లిక్ అనే కర్రతో సర్దాలి. సర్దేలోపు కిందికి దిగిపోతుంది. ఐదడుగుల ఎత్తులో కదలకుండా నిలపడానికి నాకు 19 రోజులు పట్టింది. నిలిచిన రాత్రి నిద్రే పట్టలేదు. పైలట్ అవ్వాలనుకున్నది ఆ రాత్రే.

కొనేవాళ్లకు ఒక మాట. జాయ్‌స్టిక్ మీది చిన్న లివర్ ముందుకు తోస్తే కలెక్టివ్ లేస్తోందేమో చూసుకోండి. అసలు హెలికాప్టర్‌లో పైకి లాగాలి. ముందుకు తోస్తే లేస్తుంటే సెట్టింగ్స్‌లో దాన్ని తిరగేసుకోండి, లేకపోతే చేతికి తప్పు అలవాటు పడుతుంది. పెడల్స్ లేకుండా స్టిక్‌నే మెలితిప్పి నడపొచ్చు గానీ నాకు అది నచ్చలేదు. పైగా నా స్టిక్ మూడో నెల నుంచే, చెయ్యి వదిలేసినా ఒక పక్కకు లాగుతోంది. డబ్బులు కూడబెట్టి పెడల్స్ కొనడమే మేలు.

తిరుపతి విమానాశ్రయం కోడ్ వీఓటీపీ అని కొడితే మన రేణిగుంట రన్‌వే వస్తుంది. ఊళ్లో ఇళ్లు, గుళ్లు ఉన్నవి ఉన్నట్టు ఉండవు, శేషాచలం కొండల వరస మాత్రం గుర్తుపట్టొచ్చు. బొమ్మే అయినా స్వామివారి గుడి మీదుగా ఎగరడానికి నాకు మనసొప్పదు. చంద్రగిరి వైపు తిప్పుకుంటాను.

అమ్మకు హెలికాప్టర్ అంటేనే టెన్షన్. 2009 సెప్టెంబర్ 2న రాజశేఖరరెడ్డి గారు బయలుదేరింది మన చిత్తూరు జిల్లాకే. రాత్రంతా టీవీ ముందు కూర్చున్న అమ్మను నేను మర్చిపోలేదు. అందుకే ఒకరోజు పక్కన కూర్చోబెట్టి, గాల్లో ఇంజన్ ఆపేశాను.

"అయ్యో పాపా, పడిపోతుందే!"

కలెక్టివ్ వెంటనే పూర్తిగా దించేశాను. ఆర్‌22 బ్లేడ్లు తేలిక, ఒకటి రెండు సెకన్లు ఆలస్యమైనా వేగం పడిపోతుంది. దించితే కింది నుంచి వచ్చే గాలే బ్లేడ్లను తిప్పుతుంది. నేల దగ్గర ముక్కు ఎత్తి వేగం చంపి, చివర్లో కలెక్టివ్ లాగితే మెల్లగా కూర్చుంటుంది. దీన్నే ఆటోరొటేషన్ అంటారు. కూర్చుంది. అమ్మ చాలాసేపు తెర వైపే చూసి, "ఇంకోసారి ఆపు, చూస్తా" అంది.

ఇంట్లో ఆడిన గంటలు లైసెన్స్‌కు లెక్కలోకి రావు. కమర్షియల్ లైసెన్స్‌కు నిజంగా 150 గంటలు ఎగరాలి, క్లాస్ 1 మెడికల్ పాసవ్వాలి, విమానయానాన్ని చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు రాయాలి. ఇంటర్‌లో ఎంపీసీ చదవడం ఇప్పుడు కలిసొచ్చింది. బెంగళూరులో హెలికాప్టర్ శిక్షణ ఇచ్చే హెచ్‌ఏఎల్ రోటరీ వింగ్ అకాడమీ వివరాలు నాయనే అడిగి తెలుసుకుంటున్నాడు. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ కూలిన రోజు నల్లమల మీద వాన, మబ్బులు. అందుకే పుస్తకాల్లో నేను మొదట తెరిచింది వాతావరణం పేపర్‌దే.