ఎముకల గూడా, స్క్రీన్ మీద డైనోసారా?

పిల్లలకి డైనోసార్ల గురించి చెప్పడానికి ఏది నయమంటే, నా ఓటు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకల గూడుకే. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది, 1988లో పేరు పెట్టారు. అక్కడ బయటపడ్డ 840 ఎముకలు కనీసం 12 జంతువులవి, పుర్రె మాత్రం దొరకలేదు, అంటే పైన కనిపించే ఆ తల ఊహించి చేసిందే! ఇది చెప్పగానే "మరి ఎలా తెలిసింది?" అని పిల్లలే అడుగుతారు. బోర్డు చదివే ఓపిక వాళ్లకుండదు లెండి, మనమే చెప్పాలి.

సినిమా డైనోసార్ పరిగెడుతుంది, అరుస్తుంది, పిల్లలు కళ్లార్పరు. కానీ ఏది ఆధారం, ఏది ఊహ అన్నది అది చెప్పదు. సినిమాల్లో కనిపించే వెలాసిరాప్టర్ అనే డైనోసార్ నిజానికి టర్కీ కోడంత ఉండేది, ఈకలుండేవని 2007లో ముంజేతి ఎముక మీది గుర్తులతో తేలింది, అయినా మనవాళ్లకి గుర్తున్నది సినిమాలోని ఆ ఈకల్లేని బోడి బల్లే.