రాజ్యసభ సభ్యుణ్ని దేన్నిబట్టి అంచనా కట్టాలి: ప్రశ్నా, ఓటా, ప్రసంగమా?

పార్లమెంటు సమావేశాలు ముగిశాక పత్రికల్లో ఒక పట్టిక వస్తుంటుంది. ఫలానా ఎంపీ హాజరు ఇంత శాతం, వేసిన ప్రశ్నలు ఇన్ని, పాల్గొన్న చర్చలు ఇన్ని. పార్లమెంటు పనితీరును గమనించే పీఆర్‌ఎస్ సంస్థ ఏళ్ల తరబడి ఓపిగ్గా కడుతున్న లెక్కలే వీటికి ఆధారం. మెచ్చుకోవలసిన పనే అది. చిక్కల్లా మనం చదివే తీరులో ఉంది. పెద్ద అంకె కనబడితే పనిమంతుడు అనుకుంటాం, చిన్నది కనబడితే పెదవి విరుస్తాం.

లోక్‌సభ సభ్యుడి సంగతి ఐదేళ్లకోసారి మనమే తేల్చుకోవచ్చు. రాజ్యసభ సభ్యుణ్ని ఎన్నుకునేది ఎమ్మెల్యేలు, పదవీకాలం ఆరేళ్లు. ఆంధ్రప్రదేశ్ నుంచి 11 మంది, తెలంగాణ నుంచి ఏడుగురు ఉన్నారు. వాళ్లను దించే అధికారం నేరుగా మన చేతిలో లేదు కాబట్టి, సభ రికార్డే మనకు దిక్కు. అందులో దేనికెంత విలువ ఇవ్వాలో తెలియకపోతే అదీ ఉపయోగపడదు.

ముందు ఓటు సంగతి చూద్దాం. దాని బలమేమిటో తెలియాలంటే 1970 సెప్టెంబరు 5కు వెళ్లాలి. మాజీ సంస్థానాధీశులకు ఇచ్చే రాజభరణాలను రద్దు చేసే రాజ్యాంగ సవరణ బిల్లు లోక్‌సభ దాటి రాజ్యసభకు వచ్చింది. అనుకూలంగా 149 మంది, వ్యతిరేకంగా 75 మంది ఓటేశారు. సవరణ నెగ్గడానికి కావలసింది, మొత్తం 224 ఓట్లలో మూడింట రెండొంతులంటే, 149.33. ఒక ఓటులో మూడోవంతు తక్కువై బిల్లు వీగిపోయింది! అనుకూలురు ఇంకొక్కరు వచ్చినా, వ్యతిరేకుల్లో ఒక్కరు ఇంటి దగ్గర ఉండిపోయినా నెగ్గేది. రాజభరణాలు చివరికి 1971లో 26వ సవరణతోగానీ పోలేదు. ఇలాంటి రోజున ఒక సభ్యుడి ఓటు నూరు ప్రసంగాల పెట్టు.

అయితే ఇలాంటి రోజులు ఆరేళ్లలో ఎన్ని వస్తాయి? పన్నులు, ప్రభుత్వ ఖర్చుల వంటి ద్రవ్య బిల్లుల మీద రాజ్యసభ సిఫార్సులు చేయగలదే తప్ప ఆపలేదు. అదీ 14 రోజుల్లోపే. 2002 మార్చిలో ఉగ్రవాద నిరోధక ‘పోటా’ బిల్లును 113–98 తేడాతో తిరస్కరిస్తే, వారం తిరక్కుండానే ఉమ్మడి సమావేశం పెట్టి ఆమోదించుకున్నారు. పైగా 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక పార్టీ విప్ (ఓటు ఆదేశం) ఎటు చెబితే చెయ్యి అటే లేవాలి, కాదంటే సభ్యత్వానికే ఎసరు. 2023 సెప్టెంబరు 21న మహిళా రిజర్వేషన్ల బిల్లుకు 214 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. చరిత్రాత్మకమైన ఓటే, కాదనను. ఆ 214 మందిలో ఎవరు మనసారా వేశారో, ఎవరు తప్పక వేశారో మాత్రం దాన్నిబట్టి తెలియదు.

అంతకంటే పెద్ద లోపం మూజువాణి ఓటు, అంటే అవునో కాదో అందరూ కలిసి నోటితో అనేయడం. డివిజన్ జరిగితేనే ఎవరు ఎటు వేశారో పేర్లు రికార్డవుతాయి. 2014 ఫిబ్రవరి 20న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు రాజ్యసభలో నెగ్గింది మూజువాణితోనే. తెలుగువాళ్ల బతుకుల్ని అంతగా మార్చిన బిల్లుకు ఏ సభ్యుడు అవునన్నాడో, ఎవరు కాదన్నారో పేర్లవారీ పట్టిక లేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఎటువైపు ఉన్నవారికైనా బాధ కలిగించాల్సిన సంగతే. 2020 సెప్టెంబరు 20న వ్యవసాయ బిల్లులప్పుడూ ప్రతిపక్షం డివిజన్ అడిగింది, దక్కలేదు. ఆ రభసకుగాను మర్నాడు ఎనిమిది మందిని సస్పెండ్ చేశారు.

ఓట్ల పట్టికలో నేను ముందు వెతికేది ఓటు వేయనివాళ్లను. 2019 జులై 30న ట్రిపుల్ తలాక్ బిల్లు 99–84తో గట్టెక్కింది. జేడీయూ, అన్నాడీఎంకే వాకౌట్ చేశాయి, టీఆర్‌ఎస్ సభ్యులు ఓటింగులో పాల్గొనలేదు. తేడా 15 ఓట్లే అయినప్పుడు బయట ఉండిపోవడం కూడా ఒక ఓటే.

ఇక ప్రసంగం. ఇది సభ్యుడి సొంతం. ఏం మాట్లాడాలో అతని ఇష్టం, 105వ అధికరణం రక్షణ ఉంది, సభలో అన్న మాటకు ఏ కోర్టూ పిలవదు. 1962లో అన్నాదురై ద్రవిడనాడు వాదాన్ని ఈ సభలోనే నిలబడి వినిపించగలిగారంటే ఆ స్వేచ్ఛ వల్లనే. కాకపోతే సమయం పార్టీ బలాన్నిబట్టి పంచుతారు, చిన్న పార్టీ సభ్యుడికి దక్కేది నాలుగైదు నిమిషాలు. జీరో అవర్‌లో అయితే మూడే. సభ సాగకపోతే అదీ లేదు. 2017 డిసెంబరులో సచిన్ టెండూల్కర్ ఆటల హక్కు గురించి మాట్లాడదామని లేచి, గొడవ మధ్య నోరు విప్పలేక, తర్వాత ఆ ప్రసంగాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టుకోవాల్సి వచ్చింది.

ప్రసంగానికి ఎంత కట్టుబాటు ఉంటుందన్నది మనకంటే బాగా ఎవరికీ తెలియదు. విభజన బిల్లు రోజునే ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల ప్రత్యేక హోదా ప్రకటించారు. వెంకయ్యనాయుడు పదేళ్లు కావాలన్నారు. ప్రధాని నోట వచ్చిన మాట, సభ రికార్డుల్లో అక్షరం పొల్లుపోకుండా ఉంది. చట్టంలో మాత్రం లేదు. ప్రభుత్వం మారాక అది అమలు కాలేదు, 2016 సెప్టెంబరులో దాని స్థానంలో ప్రత్యేక సాయం ప్రకటించి సరిపెట్టారు. హోదా కోసం కె.వి.పి. రామచంద్రరావు పెట్టిన ప్రైవేటు బిల్లు కూడా, అది ద్రవ్య బిల్లన్న వాదన అడ్డొచ్చి, ఓటింగు దాకా రాలేదు. ప్రధాని ప్రసంగానికే ఆ గతి పడితే, మామూలు సభ్యుడి ప్రసంగం గురించి చెప్పేదేముంది?

అందుకే నా ఓటు ప్రశ్నకు. ప్రశ్న ఒక్కటే ప్రభుత్వం చేత జవాబు చెప్పిస్తుంది, అదీ కాగితం మీద. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లాటరీలో పేరు రావాలి. రోజుకు 15 స్టార్డ్ ప్రశ్నలు, 160 అన్‌స్టార్డ్ ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. స్టార్డ్ ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబివ్వాలి, అన్‌స్టార్డ్‌కు రాతపూర్వకంగా ఇస్తే చాలు. 2014 చివరి నుంచి ఈ ప్రశ్నోత్తరాల గంట మధ్యాహ్నం 12కు మొదలవుతోంది. సభాపతి పిలవగానే సభ్యుడు లేస్తాడు, మంత్రి తన జవాబును సభ ముందు పెట్టానంటాడు, ఆ వెంటనే సభ్యుడికి రెండు అనుబంధ ప్రశ్నలు. అసలు పరీక్ష అక్కడే, సభ్యుడికీ మంత్రికీ కూడా. మొదటి ప్రశ్నకు అధికారులు తయారుచేసిన కాగితం ఉంటుంది, రెండోదానికి మంత్రికి సబ్జెక్టు తెలిసుండాలి. విప్ జారీ చేసి ప్రశ్న వేయించుకోవడమంటూ ఉండదు కనుక, అధికారపక్ష సభ్యుడు కూడా ఇక్కడ తన జిల్లా గోడు చెప్పుకోవచ్చు.

మంత్రి ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అన్నాడంటే అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి. ఆ పని చూడటానికి 1972 నుంచి రాజ్యసభలో ప్రభుత్వ హామీల కమిటీ ఉంది.

ప్రశ్నల లెక్క మాత్రం నన్ను మెప్పించదు. ప్రశ్నలు అమ్ముడుపోయిన రోజులూ ఉన్నాయి: 2005 డిసెంబరులో డబ్బు తీసుకుని ప్రశ్నలు వేయడానికి ఒప్పుకున్నారని 11 మంది ఎంపీలను బహిష్కరించారు, అందులో ఒకరు రాజ్యసభ సభ్యుడు. ‘చేనేత కార్మికుల సంక్షేమానికి ప్రభుత్వం చర్యలు తీసుకుంటోందా?’ అని అడిగితే ‘తీసుకుంటోంది’ అంటూ పథకాల పేర్లు రెండు పేజీలు వస్తాయి. అదే ‘గత మూడేళ్లలో ఏ జిల్లాకు ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, మిగిలింది ఎందుకు ఆగింది?’ అని విడగొట్టి అడిగితే తప్పించుకోవడం కష్టం. అయినా ప్రయత్నిస్తారు: ‘(ఎ) నుంచి (సి) వరకు’ అని మూడింటినీ కలిపి ఒకే పేరాలో జవాబిచ్చి, ‘ఎందుకు ఆగింది’ అన్నదాన్ని జారవిడుస్తారు. లేదా ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అంటారు.

అలా జారిపోయిన ముక్కను తర్వాతి సమావేశాల్లో మళ్లీ పట్టుకున్నాడా లేదా అన్నదే నేను చూసేది. రాజ్యసభ వెబ్‌సైట్‌లో సభ్యుడి పేరు మీద ప్రశ్నలు, జవాబులు అన్నీ దొరుకుతాయి. రెండు మూడేళ్లవి వరసగా తీసి చదవండి. ఒకే కాలువ, ఒకే రైల్వే లైను, ఒకే నిధి గురించి ప్రశ్న తిరిగి తిరిగి, ప్రతిసారీ ఇంకాస్త పదునుగా వస్తుంటే, అతని ప్రశ్నల మొత్తం అంకె ఎంత చిన్నదైనా ఆ సభ్యుడు పనిచేస్తున్నట్టే. ముప్పై మంత్రిత్వశాఖల మీద తలా ఒకటి చొప్పున, మళ్లీ వెనక్కి చూడని ప్రశ్నలు ఉంటే, పట్టికలో మొదటి స్థానంలో ఉన్నా నేను లెక్కలోకి తీసుకోను.