బొగ్గు ఇంజిన్లో మండాలా, సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రంలో మండాలా?

వంద కిలోల బొగ్గు ఆవిరి ఇంజిన్‌లో వేస్తే చక్రాలకు అందేది ఆరేడు కిలోల శక్తే. మిగతాదంతా పొగతో, వదిలేసిన ఆవిరితో పోతుంది. బండి కదలకపోయినా నిప్పు ఆరకూడదు మరి! ఒక్కసారిగా పారలకొద్దీ వేస్తే గాలి చాలక నల్లపొగ. బూడిద కరిగి గడ్డకట్టి, నిప్పు కింద గాలి వచ్చే ఇనుప జాలీ (గ్రేటు) మూసుకుపోతే ఆవిరి పడిపోతుంది.

అదే బొగ్గును పరవాడ దగ్గరి 2000 మెగావాట్ల సింహాద్రిలో పొడిచేసి మండిస్తే, గ్రిడ్ నష్టాలు పోనూ అరకు ఎక్కే కరెంటు ఇంజిన్‌కి పాతిక దాకా దక్కుతుంది. కిలో బొగ్గుకు కార్బన్ డయాక్సైడ్ మాత్రం రెండుచోట్లా సుమారు ఒకటిన్నర కిలో. సింహాద్రి పొగలో ఎగిరే బూడిదను 99 శాతానికి పైగా ఈఎస్‌పీ (కరెంటు ఆకర్షణతో బూడిదను లాగే యంత్రం) పట్టేస్తుంది. పట్టినదాన్ని ఎక్కడ పెట్టాలన్నదే అసలు తలనొప్పి: సిమెంటుకి, ఇటుకలకి పోగా మిగిలింది బూడిద చెరువుకే. పైపొర తడి ఆరిందా, వేసవి గాలికి చుట్టుపక్కల ఊళ్లమీదికే.