జాగ్రత్త: ఆన్‌లైన్ ప్రయోగానికి స్క్రీన్లు చేయించుకునే రీసెర్చ్ స్కాలర్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి

అనంతపురం, కర్నూలు, కడప యూనివర్సిటీల్లో సైకాలజీ, ఎకనామిక్స్, మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న వాళ్లకోసం రాస్తున్నాను. "మీ ఎక్స్‌పరిమెంట్ ఐడియా చెప్పండి చాలు, స్క్రీన్లన్నీ మేమే డిజైన్ చేసి లింక్ ఇస్తాం" అని అనంతపురంలోనే ఒక వెబ్ డిజైనింగ్ సంస్థ చెబితే నమ్మి పని ఇచ్చాను. పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో చేసేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి పేరు కన్నా ఏం జరిగిందో తెలియడమే ముఖ్యం.

నా ప్రయోగం చూడ్డానికి చిన్నది. వేరుశనగ పండించే ఇళ్లలోని యువకులు డబ్బు విషయంలో ఎంత ఓపిక పడతారో తెలుసుకోవాలి. ఒక వైపు "ఈరోజే 500 రూపాయలు", రెండో వైపు "నెల తర్వాత 650 రూపాయలు". ఏది కావాలో దాన్ని నొక్కాలి. అంకెలు మారుతూ ఇలాంటివే వరుసగా వస్తాయి. రెండూ ఒకే చూపులో, ఒకే సైజులో, ఒకే ఎత్తులో కనపడాలి. ఏది ఏ వైపు వస్తుందో ప్రతిసారీ మారుతుండాలి. ఇదంతా కాగితం మీద బొమ్మ గీసి మరీ ఇచ్చాను. 24 వేలకు మాట్లాడుకున్నాం. వాళ్ల పెద్ద మానిటర్ మీద డెమో చక్కగా నడిచింది. ఫోన్లలో కూడా చెక్ చేశామని చెప్పి మొత్తం డబ్బు తీసుకుని లింక్ ఇచ్చారు.

సగం మంది చేశాక ఉరవకొండ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఒకటే కనపడుతోంది, రెండోది యాడుంది?"

షాపుల వెబ్‌సైట్లకు వాడే టెంప్లేట్‌నే నా ప్రయోగానికీ వాడేశారు. అందులో పక్కపక్కన ఉన్న రెండు కాలమ్‌లు సన్నటి స్క్రీన్ మీద ఒకదాని కింద ఒకటి పడతాయి. చీరల షాపు పేజీకి అది మంచి ఏర్పాటే. ప్రయోగంలో మాత్రం ల్యాప్‌టాప్ ఉన్నవాడు ఒకటి చూస్తాడు, ఫోన్ ఉన్నవాడు ఇంకొకటి చూస్తాడు. చిన్న ఫోన్‌లో రెండోది స్క్రోల్ చేస్తే తప్ప కనపడదు. కనపడని దాన్ని ఎవరు ఎంచుకుంటారు? ధర్మవరం, తాడిపత్రి వైపు పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఫోన్లే. పైన ఉన్నదాన్ని నొక్కుకుంటూ పోయారు. ఆ డేటా వాళ్ల ఓపికను చెబుతోందో, ఫోన్ సైజును చెబుతోందో ఇప్పుడు విడదీయలేను. ఏ ప్రశ్నకు ఏది పైన వచ్చిందో, స్క్రీన్ వెడల్పు ఎంతో వాళ్లిచ్చిన ఎక్సెల్‌లో లేనే లేదు. పని మానుకుని నా కోసం కూర్చున్న పిల్లల సమయం అది. వాళ్లతో మళ్లీ చేయించినా, ప్రశ్నలు ఒకసారి చూసేసిన వాళ్ల జవాబు మొదటిసారి జవాబు అవ్వదు. డబ్బు కన్నా నాకు ఇదే ఎక్కువ బాధగా ఉంది.

వెతికితే ఇంకా బయటపడ్డాయి. "ముందుకు" బటన్ ఉన్న చోటే తర్వాతి పేజీలో మొదటి ఎంపిక వస్తుంది, వేలు రెండుసార్లు తగిలితే చదవకుండానే జవాబు పడిపోతుంది. స్లైడర్ (వేలితో పక్కకు జరిపి 0 నుంచి 100 మధ్య జవాబిచ్చే గీత) నడిమధ్యలో మొదలవుతుంది, దాన్ని ముట్టుకోకపోయినా 50 అని నమోదవుతుంది. టైమ్ లెక్క పేజీ తెరుచుకోవడం మొదలైనప్పటి నుంచే నడుస్తోంది. అంటే బొమ్మలు లోడ్ అవడానికి పట్టిన టైమ్ కూడా మనిషి ఆలోచించిన టైమ్‌లో కలిసిపోయింది. సిగ్నల్ సరిగా లేని ఊళ్లవాళ్లంతా నిదానంగా ఆలోచించే వాళ్లుగా తేలారు. డెమో ఇంగ్లిష్‌లో చూపించారు, తెలుగు పెట్టేసరికి బటన్ ఎత్తు చాలక "తర్వాత" కింద వత్తు తెగిపోయింది.

అడిగితే "రెస్పాన్సివ్ డిజైన్ (స్క్రీన్ సైజును బట్టి పేజీ తనే సర్దుకోవడం) అంటే అంతే మేడమ్, మార్చాలంటే ఎక్స్‌ట్రా అవుతుంది" అన్నారు. కోడ్ ఇవ్వమంటే అది తమ సొంత సాఫ్ట్‌వేర్ అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను.

అసలు ఈ పనికి ఉచితంగా దొరికే సాధనాలు ఉన్నాయి. బ్రౌజర్‌లో నడిచే ప్రయోగాలు తయారుచేసుకునే జేఎస్‌సైక్ (jsPsych) ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. పాల్గొనేవాళ్ల బ్రౌజర్ ఏది, విండో వెడల్పు ఎత్తు ఎంత, ఫోనా కాదా అన్నది నమోదు చేసే ప్లగిన్ (జతచేసుకునే చిన్న ప్రోగ్రామ్) అందులోనే ఉంది. స్క్రీన్ సరిపోనివాళ్లను మొదటి పేజీలోనే మర్యాదగా ఆపేయొచ్చు. సైకోపై (PsychoPy) అనే ఇంకో ఉచిత సాధనంలో "హైట్" అనే కొలత పెట్టుకుంటే స్క్రీన్ ఎత్తునే 1గా తీసుకుంటుంది, చతురస్రం ఏ స్క్రీన్ మీదైనా చతురస్రంగానే ఉంటుంది. "నార్మ్" అనే ఇంకో కొలత పెడితే అదే చతురస్రం వెడల్పాటి స్క్రీన్ మీద సాగిపోతుంది. చూపుకు సంబంధించిన ప్రయోగాలు చేసేవాళ్లు పాల్గొనేవాళ్లతో స్క్రీన్ మీది పెట్టెకు ఏటీఎం కార్డు ఆనించి, పెట్టెను కార్డంత అయ్యేలా లాగించి సైజు సరిచేయించుకోవచ్చు. కార్డు వెడల్పు ఎక్కడైనా 85.6 మిల్లీమీటర్లే.

అయినా బయట చేయించక తప్పదంటారా, అప్పుడు కోడ్ ఫైళ్లు మీకే ఇవ్వాలని, చివరి వాయిదా డేటా ఫైలు చూశాకే కడతారని ముందే కాగితం మీద రాయించుకోండి. డెమో తెలుగులోనే అడగండి, ఇంట్లో అమ్మ ఫోన్‌లో కూడా తెరిచి చూడండి. అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. మీరే పాల్గొని మొదటి పది ప్రశ్నలకు "ఈరోజే" అన్నదాన్ని, తర్వాతి పదింటికి "నెల తర్వాత" అన్నదాన్ని నొక్కండి. మధ్యలో ఒక ప్రశ్న దగ్గర కావాలనే నిమిషం ఆగండి. మీరు చేసింది చేసినట్టు ఎక్సెల్‌లో కనపడాలి, ఏది ఏ వైపు వచ్చిందన్న కాలమ్‌తో సహా. కనపడకపోతే ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి టెన్షన్ పడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే లింక్ నాకు పంపండి. మా ఇంట్లో ఉన్న పాత ఫోన్లన్నిట్లో తెరిచి స్క్రీన్‌షాట్లు తీసి పంపిస్తాను.