డ్రైవర్ల గొడవ: ఉబుంటునా, ఫెడోరానా?
ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్ అయితే ఈ రెండు లినక్స్ రకాల్లో ఏది వేసినా టెన్షన్ లేదు, డ్రైవర్ (ఆ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) కెర్నల్‌లోనే, అంటే లినక్స్ గుండెకాయలోనే ఉంటుంది. ఎన్విడియా కార్డో, పాత బ్రాడ్‌కామ్ వైఫై చిప్పో ఉంటేనే అసలు తేడా బయటపడుతుంది. ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిచి, ఒకటి ఎంచుకుని రీస్టార్ట్ చేస్తే చాలావరకు పనైపోతుంది. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే అదనపు సాఫ్ట్‌వేర్ భండారాన్ని కలుపుకోవాలి, ఎన్విడియా మాడ్యూల్ (కెర్నల్‌కి తగిలించే డ్రైవర్ ముక్క) బిల్డ్ అయ్యేదాకా రీస్టార్ట్ చేయకుండా ఓపిక పట్టాలి, అసలు వైఫైయే లేనప్పుడు ఇవన్నీ దించుకోవడానికి నెట్ ఎక్కడిది? (ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, రెండిట్లోనూ పనిచేస్తుంది.)

సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే, రీస్టార్ట్ చేసినప్పుడు రెండిట్లో ఎక్కడైనా ఒక నీలం తెర రావచ్చు. అందులో ‘ఎన్‌రోల్ మోక్’ (డ్రైవర్ సంతకపు కీని నమోదు చేసే ఆప్షన్) ఎంచుకుని, ముందు పెట్టుకున్న పాస్‌వర్డ్ కొట్టాలి. కంగారులో కంటిన్యూ నొక్కారా, డ్రైవర్ లోడవదు.

మరీ కొత్త లాప్‌టాప్ అయితే మాత్రం నా ఓటు ఫెడోరాకే, కొత్త కెర్నల్ త్వరగా అందుతుంది.