టిక్కెట్ పొలాలు, టిక్కెట్ లేని పొలం: న్యూజెర్సీలో ఒక అక్టోబర్ వారాంతం

అక్టోబర్ వచ్చిందంటే న్యూజెర్సీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో రెండే ప్రశ్నలు: బతుకమ్మ ఎక్కడ ఆడుతున్నారు, గుమ్మడికాయలకి ఎక్కడికి వెళ్తున్నారు. మొదటిదానికి ఫ్లయర్ వచ్చేస్తుంది. రెండోదానికి తలా ఒక తోట పేరు చెప్తారు గానీ, అక్కడ రోజంతా ఏం చేస్తారు, ఎంత అవుతుంది, పెద్దవాళ్ళు కూర్చోవడానికి చోటుందా అంటే మాత్రం ఎవరూ మాట్లాడరు. ఈసారి మా అమ్మానాన్నలు దసరాకి ఇక్కడే ఉన్నారు. నాన్న గుంటూరు జిల్లాలో ఇప్పటికీ మిరప వేయిస్తున్నారు, ట్రాక్టర్ రాకముందు ఒంగోలు ఎడ్లతో దున్నిన మనిషి. ఆయన్ని తీసుకెళ్ళి ప్లాస్టిక్ ఆవు పక్కన ఫొటో దిగమంటే ఏం బాగుంటుంది? అందుకే కాస్త వెతికి, ఒక వారాంతంలో రెండు మూడు రకాల పొలాలు చూశాం.

ముందు టిక్కెట్ పొలాల సంగతి. పేరెందుకులే గానీ, ఒక పెద్ద ఆపిల్ తోటకి శనివారం మధ్యాహ్నం వెళ్ళాం. రోడ్డు మీదే అరగంట కార్ల వరస. మనిషికింత అని ప్రవేశం, కాయలు కోసుకునే సంచికి వేరే, ట్రాక్టర్ వెనక గడ్డిబండి ఎక్కితే వేరే, పిల్లల మొహాలకి రంగులేస్తే ఇంకా వేరే. ఆరుగురం లోపలికి వెళ్ళేసరికి మంచి హోటల్లో భోంచేసినంత అయింది. చెట్ల కింది కొమ్మలు అప్పటికే ఖాళీ. "గుమ్మడికాయ ఏరుకునే పొలం" అన్నచోట ఒక్క తీగ కూడా లేదు. ఎక్కడో కోసిన కాయలు తెచ్చి గడ్డి మీద పరిచారు. నాన్న ఒక కాయ ఎత్తి తొడిమ చూసి, "ఇది కోసి పది రోజులైంది" అని పక్కన పెట్టేశారు. మా చిన్నవాడికి మాత్రం అక్కడి మొక్కజొన్న గింజల తొట్టే స్వర్గం. మూడు నాలుగేళ్ళ పిల్లలకి ఇలాంటి చోటే సరదాగా ఉంటుంది, కాదనను.

అన్ని తోటలూ అలాగే ఉంటాయని కాదు. ప్రిన్స్‌టన్ దగ్గర కోల్డ్ సాయిల్ రోడ్డులో ఉన్న టెర్హ్యూన్ ఆర్చర్డ్స్ నిజంగా పంట తీసే కుటుంబం నడిపే తోట, విస్తీర్ణం 200 ఎకరాలకు పైనే. అక్కడి సైడర్ డోనట్ వేడిగా ఉండగా తినాలి. ఇక్కడ ఉత్తినే సైడర్ అంటే వడకట్టని ఆపిల్ రసమే, మత్తు ఉండదు, పెద్దవాళ్ళకి ఇవ్వొచ్చు. "హార్డ్ సైడర్" అని ఉంటే మాత్రం అందులో మత్తు ఉంటుంది. ఇలాంటి తోటలకి వీలైతే మామూలు పనిదినాల్లో వెళ్ళండి. శని, ఆదివారాల్లోనే వెళ్ళాలంటే గేటు తెరిచే వేళకి అక్కడ ఉండండి.

అసలు చెప్పాలనుకున్నది హోవెల్ లివింగ్ హిస్టరీ ఫార్మ్ గురించి. డెలావేర్ నదికి దగ్గర్లో, హోప్‌వెల్ టౌన్‌షిప్‌లో, లాంబర్ట్‌విల్ ఊరికి కాస్త దిగువన ఉంటుంది. ఎడిసన్ నుంచి గంట లోపే. చార్ల్స్ హోవెల్ అనే మాజీ అమెరికా కాంగ్రెస్ సభ్యుడి జ్ఞాపకార్థం ఆయన భార్య ఐనెజ్ ఈ 130 ఎకరాల పొలాన్ని 1974లో మెర్సర్ కౌంటీకి రాసిచ్చారు. పాత రోజుల్లో సేద్యం ఎలా చేసేవారో జనం వచ్చి చూడాలి, చేయాలి అని ఆవిడ కోరిక. ఇప్పటికీ కౌంటీయే నడుపుతోంది. 1900 ప్రాంతంలో ఇక్కడి రైతు ఎలా పండించేవాడో అలాగే గుర్రాలతో, ఎడ్లతో పండిస్తారు. మామూలు శనివారాల్లో ప్రవేశం, పార్కింగ్ ఉచితం. శరదృతువులో పెట్టే మొక్కజొన్న చిక్కుదారికి మాత్రం టిక్కెట్ ఉంటుంది. ఆ డబ్బు పొలం ఖర్చులకే పోతుంది కాబట్టి ఇవ్వడానికి బాధ లేదు.

మేం వెళ్ళేసరికి ఒక ఎడ్ల జత బండి లాక్కుంటూ వస్తోంది. నాన్న మొదట చూసింది వాటి ముక్కు. ముక్కుతాడు లేదు, పగ్గం లేదు. ఎడమ పక్కన నడుస్తున్న అమ్మాయి చేతిలో సన్నటి బెత్తం, అంతే. "జీ" అంటే కుడికి, "హా" అంటే ఎడమకి తిరుగుతున్నాయి, "వో" అంటే ఆగుతున్నాయి. దూడలుగా ఉన్నప్పటి నుంచే మాటకి అలవాటు చేస్తారట. తర్వాత ఆయన కళ్ళు కాడి మీద పడ్డాయి. మన ఎద్దుకి మూపురం ఉంటుంది, కాడి దాని ముందు కుదురుగా కూర్చుంటుంది. వీటికి మూపురం లేదు కదా, అందుకని వంచిన కర్రని మెడ కింది నుంచి చుట్టి రెండు కొసలూ కాడిలోకి ఎక్కించి బిగిస్తారు. నాన్న వంగి ఆ కర్ర లోపలివైపు వేలితో తడిమి, ఎక్కడా గరుకు లేదని తేల్చుకుని, "దాపటెద్దు నిమ్మళం, ఎలపటిది తొందరపడుతోంది, చెప్పు ఆ అమ్మాయికి" అన్నారు. చెప్పాను. ఆ అమ్మాయి నవ్వి, అవును, దాంతోనే రోజూ పేచీ అంది. అంతే, ఇక ఆ పూటకి నాన్న మాకు దొరకలేదు.

అవతలి మడిలో చలికాలపు పంటకి దుక్కి జరుగుతోంది. బరువులు లాగే గుర్రాల జత, ఒక్కొక్కటీ మన ఒంగోలు గిత్తని కూడా చిన్నది చేసేంత భారీగా ఉంది. సిబ్బంది పగ్గాలు పట్టుకుని గుర్రాలని నడుపుతారు, చూడటానికి వచ్చినవాళ్ళు కాసేపు నాగలి పట్టుకోవచ్చు. మన నాగలికి మేడి ఒక్కటే, దీనికి రెండు పిడులు. మన కర్రు నేలని చీలుస్తుంది, ఈ ఇనప రెక్క మట్టిపెళ్ళని ఎత్తి పూర్తిగా పక్కకి తిరగేస్తుంది. నాన్న మొదటి చాలు వంకర పోయింది, రెండోది సూటిగా వచ్చింది. బయటికి వచ్చాక ఆయన అడిగిన ప్రశ్న, "ఇంత లోతు తిరగేస్తే తేమంతా ఆరిపోదట్రా?" నేను దాన్ని ఇంగ్లీషులో పెట్టి అడిగితే, ఇక్కడ ఏడాది పొడుగునా వాన పడుతూనే ఉంటుంది, తేమ కంటే కలుపే మాకు పెద్ద బాధ అన్నాడు గుర్రాలు తోలే ఆయన. నాన్న తల ఊపారు, కానీ పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు.

పిల్లలకి మొక్కజొన్న పని పెట్టారు. ఎండిన కంకి మీది పొట్టు ఒలవడానికి అరచేతికి తగిలించుకునే చిన్న ఇనప కొక్కెం ఇస్తారు. కొక్కెంతో చీల్చి, రెండో చేత్తో లాగేస్తే కంకి బయటపడుతుంది. మా పెద్దది నాలుగైదు కంకులకే కిటుకు పట్టేసింది. ఒలిచిన కంకిని చేత్తో తిప్పే మిషన్‌లో వేస్తే గింజలు ఒకవైపు, బెండు ఒకవైపు. పాత రోజుల్లో ఊరంతా ఒకచోట చేరి రాత్రిళ్ళు కంకులు ఒలిచేవారట, ఎర్ర గింజల కంకి దొరికినవాళ్ళకి తమకి నచ్చినవాళ్ళ దగ్గర ముద్దు అడిగే హక్కు ఉండేదట. ఇది అమ్మకి తర్జుమా చేసి చెప్తే, "మన ఊళ్ళో అయితే కంకి కొరకే కొట్టుకుచచ్చేవాళ్ళు" అంది.

చేతిపనుల ప్రదర్శనలు వారం వారం మారతాయి, కాబట్టి ముందే వాళ్ళ క్యాలెండర్ చూసుకోండి. మేం వెళ్ళిన రోజు కమ్మరి కొలిమి, చీపుర్లు కట్టడం, ఉన్ని వడకడం ఉన్నాయి. ఉన్ని దగ్గర మేం ఎక్కువసేపు నిలబడలేదు. కొలిమి దగ్గర తిత్తి బదులు చేత్తో తిప్పే గాలిపంకా. పిల్లల చేత అది తిప్పించి, ఎర్రగా కాలిన ఊచని దాగలి మీద వంచి గోడకి కొట్టుకునే కొక్కెం చేశాడు. పది నిమిషాల పని.

చీపుర్ల దగ్గర మాత్రం అమ్మ కదల్లేదు. ఆ చీపురు గడ్డి అసలు జొన్న జాతే. గింజ కోసం కాకుండా పొడుగాటి వెన్ను పుల్లల కోసం పెంచే రకం. ఆ పుల్లల్ని నీళ్ళలో నానబెడతారు. కర్రని ఒక తిరుగుడు బల్లకి బిగించి, కాలితో తొక్కుతూ, పురికొస గట్టిగా లాగి పట్టుకుని పుల్లల్ని పొరలు పొరలుగా చుడతారు. అప్పటికి అది గుండ్రంగానే ఉంటుంది. తర్వాత దాన్ని రెండు చెక్కల మధ్య బిగించి బల్లపరుపుగా నొక్కి, పెద్ద సూదితో ఇటునుంచి అటు కుడతారు. సూది గుచ్చుకోకుండా అరచేతికి తోలు పట్టీ. ఇలా బల్లపరుపు చీపురు కట్టడం 18వ శతాబ్దం చివర్లో షేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు మొదలుపెట్టారని చెప్తారు. అంతకుముందు ఇక్కడా గుండ్రటి చీపుర్లే. అమ్మ ఒకటి పట్టుకుని నేల మీద రెండుసార్లు ఊడ్చి చూసింది, "నిలబడి ఊడ్చుకోవచ్చు, నడుం నొప్పి ఉండదు" అని సర్టిఫికెట్ ఇచ్చింది. ధర మాత్రం అమ్మకి చెప్పలేదు.

ఇక్కడ సౌకర్యాలు పొలానికి తగ్గట్టే ఉంటాయి. పార్కింగ్ నుంచి కొట్టాల దాకా నడవాలి, దారి కంకర, స్ట్రోలర్ చక్రాలకి కష్టం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మడత కుర్చీ ఒకటి కార్లో పెట్టుకోండి. శాకాహారులు పులిహోర డబ్బా తెచ్చుకుంటే నిశ్చింత. అక్టోబర్ పొద్దుట చలి, మధ్యాహ్నానికి ఎండ, కాబట్టి విప్పుకోవడానికి వీలుగా రెండు పొరలు వేసుకోండి. ముఖ్యంగా నిండు ప్యాంటు, సాక్సు. ఈ రాష్ట్రంలో లైమ్ జబ్బు తెచ్చే జింక పిడుదులు చలి ముదిరే దాకా తిరుగుతూనే ఉంటాయి. ఇంటికి రాగానే పిల్లల మోకాళ్ళ వెనక, చెవుల వెనక, జుట్టులో చూడండి.

హోవెల్ దూరమనుకునేవాళ్ళకి హోమ్‌డెల్ పార్కులో లాంగ్‌స్ట్రీట్ ఫార్మ్ ఉంది. 1890ల నాటి పొలం, మాన్మత్ కౌంటీది, అదీ ఉచితమే. పాతకాలపు బట్టల్లో సిబ్బంది పనులు చేస్తుంటారు, చూడొచ్చు, అడగొచ్చు. హోవెల్ అంత విశాలం కాదు, చేయి పెట్టే పని కూడా తక్కువే. కానీ చుట్టూ మంచి పార్కు ఉంది, ఆదివారం మధ్యాహ్నం ఒక రెండు గంటల కాలక్షేపానికి సరిగ్గా సరిపోతుంది.

బస సంగతి. ఎడిసన్, ప్లెయిన్స్‌బరో వైపు బంధువులుంటే వాళ్ళింట్లోనే దిగండి, ఒక్క రోజు కోసం గది అక్కర్లేదు. మేం మాత్రం ఆకుల రంగులు చూద్దామని నది ఒడ్డున ఒక పాత బంగళాలో గది తీసుకున్నాం. ఫొటోల్లో అద్భుతం. మెట్లు నిటారు, మంచం నడుమంత ఎత్తు, అమ్మ ఎక్కడానికి పీట వేయాల్సొచ్చింది. రాత్రంతా పడిపోతుందేమోనని టెన్షన్. టిఫిన్‌లో గుడ్డు వద్దని ముందే రాశాం, అయినా వచ్చింది గుడ్డే, మార్చమంటే రొట్టె ముక్కలు, జామ్ పెట్టారు. ఆకుల సీజన్ కాబట్టి అద్దె కూడా వాచిపోయింది. పెద్దవాళ్ళతో వెళ్తే రూట్ 1 మీద లిఫ్ట్ ఉన్న మామూలు హోటలే మేలు, పొలానికి అరగంట పైన పట్టినా సరే. లాంబర్ట్‌విల్ నుంచి వంతెన మీదుగా నడిచి అవతల పెన్సిల్వేనియాలోని న్యూ హోప్‌కి వెళ్ళిరావడం మాత్రం వదులుకోకండి. అక్కడికి కొద్ది మైళ్ళ దిగువనే 1776 క్రిస్మస్ రాత్రి వాషింగ్టన్ సైన్యంతో నది దాటింది. మా పెద్దదానికి అది స్కూల్లో పాఠం, తాతయ్యకి తనే గైడ్.

తిరుగు దారిలో బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్తే దర్శనం, క్యాంటీన్‌లో దోసె రెండూ అవుతాయి. మేం అలాగే చేశాం.

చీపుర్లు కట్టే ఆయన నాన్న ఆసక్తి చూసి, గింజలతో ఉన్న ఒక వెన్ను చేతిలో పెట్టాడు. ఊళ్ళో గట్టు మీద వేస్తానని నాన్న దాన్ని కాగితంలో చుట్టి సూట్‌కేసులో పెట్టేశారు. అనుమతి కాగితాలు లేకుండా విత్తనాలు ఇండియాలోకి తీసుకెళ్ళనివ్వరని నచ్చచెప్పడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. చివరికి గింజలు మనవరాలి పాలయ్యాయి. మే నెలలో పెరట్లో వేస్తానని తాతయ్యకి మాటిచ్చింది. ఎనిమిది అడుగుల జొన్న లేస్తే మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) వాళ్ళు ఏ రంగు కాగితం అంటిస్తారో చూడాలి.