తమ్ముడికి తోడుగా వెళ్ళిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశం

తాగుడు మానలేక నలిగిపోతున్న మా తమ్ముణ్ణి అంతకుముందు ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్చాము. వారు నెల రోజులు ఉంచుకుని ఇంటికి పంపారే గానీ, ఆ తరువాత ఎలా నిలదొక్కుకోవాలో చెప్పలేదు. ఆ లోటును విజయవాడలో మేము వెళ్ళిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశం తీర్చింది.

1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో, తాగుడు బారిన పడిన ఇద్దరు వ్యక్తులు ఒకరికొకరు ఆసరాగా నిలవడంతో మొదలైన ఈ సహవాసంలో చేరడానికి, తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. రుసుము లేదు, ఇంటిపేరు చెప్పనవసరం లేదు.

మేము వెళ్ళేసరికి బల్ల మీద టీ ఫ్లాస్కు ఉంది. ఒక పెద్దాయన మా తమ్ముడికి సగం గ్లాసే నింపి ఇచ్చారు. వణికే చేతుల్లో నిండు గ్లాసు ఒలుకుతుందని ఆయనకు అనుభవం మీద తెలుసు. ఎవరూ నీతులు చెప్పలేదు, ఎవరి కథ వారు చెప్పుకున్నారు. ఈ ఒక్క రోజు తాగకుండా ఉందామన్న మాట మా వాడి మనసుకు పట్టింది.

ముందుగా ఫోన్ చేసి, సమావేశం తెలుగులో జరుగుతుందా, కుటుంబసభ్యులను రానిస్తారా అని కనుక్కోవాలి, ఎందుకంటే కొన్ని సమావేశాలు బాధితులకు మాత్రమే పరిమితం. ఇది వైద్యం కాదని కూడా గుర్తుంచుకోవాలి: ఏళ్ళ తరబడి రోజూ తాగినవారు ఉన్నపళంగా మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది కనుక, ముందు వైద్యుణ్ణి కలవడం తప్పనిసరి.

మా మరదలు ఇప్పుడు కుటుంబసభ్యుల కోసం నడిచే అల్-అనాన్ సమావేశాల వివరాలు కనుక్కుంటోంది.